డ్రోన్ లేని రోజుల్లో పైనుంచి గీసిన భవంతి

చిరంజీవులు బుజ్జికీ, చిన్నాకీ తాతయ్య ఆశీస్సులు.

మీరు పంపిన, ఇంగ్లండులోని చాట్స్‌వర్త్ భవంతి బొమ్మ భూతద్దం పెట్టి మరీ చూశాను. "అప్పట్లో డ్రోన్లు ఉండేవా తాతయ్యా?" అని అడిగారు కదా. డ్రోన్ల మాట అటుంచండి, మనిషి బెలూన్ ఎక్కింది 1783లో. ఇలాంటి బొమ్మలున్న 'బ్రిటానియా ఇలస్ట్రేటా' అనే పుస్తకం లండన్‌లో 1707లోనే అచ్చయింది. బొమ్మ గీసింది లియొనార్డ్ నిఫ్, దాన్ని రాగిరేకు మీద చెక్కింది యోహానెస్ కిప్. ఇద్దరూ ఇంగ్లండు వచ్చి స్థిరపడ్డ డచ్చివాళ్లు. నేల మీద తిరిగి చూసినదంతా, గద్దలా పైనుంచి చూస్తున్నట్టు ఊహించి గీశాడు నిఫ్.

రాగిరేకు అనగానే మీకు అన్నమయ్య గుర్తొస్తాడు. ఆ రేకుల మీద పాటను నేరుగా చదువుకోవచ్చు. అచ్చు కోసం చెక్కే రేకు మీద అన్నీ అద్దంలో కనిపించినట్టు తిరగేసి ఉండాలి. గాడుల్లో సిరా నింపి, పైన అంటినది తుడిచి, తడిపిన కాగితం వేసి గట్టిగా నొక్కుతారు. సిరా నలుపొక్కటే. అందుకే నీడ కావాలంటే గీతలు దగ్గర దగ్గరగా చెక్కాలి, వెలుగు కావాలంటే కాగితాన్ని వదిలెయ్యాలి. ఇలాంటి పాత అచ్చుల్లో కనిపించే రంగులు చాలావరకు తర్వాత ఎవరో కుంచెతో వేసినవే.

ఇక అసలు సంగతి. ఇలాంటి బొమ్మలకు డబ్బిచ్చేది ఆ భవంతుల దొరలే. మా నాన్నగారి ఫొటో ఒకటుంది, చూశారుగా? స్టూడియోలో తెర మీద గీసిన పాలరాతి మెట్ల ముందు దర్జాగా నిలబడి ఉంటారు. మా ఇంటికి ఉన్నవి రెండు మట్టి మెట్లు! ఈ బొమ్మలూ కొంత అలాంటివే. నిన్న నాటిన మొక్క ఇందులో మాను అయిపోతుంది. వాకిట్లో ఆరు గుర్రాల బండి. బురద ఎక్కడా కనబడదు. తోటమాలి కనబడితే చీమంత. బ్యాడ్మింటన్ అనే మరో భవంతి బొమ్మలోనైతే చెట్ల బాటలు బండిచక్రం ఆకుల్లా నలుదిక్కులా పోతాయి. ఆ భవంతి దొర అయిన డ్యూకుగారి చూపుకు అడ్డం రాకుండా ఇరుగుపొరుగు భూస్వాములు తమ చెట్లు కొట్టించుకున్నారట. అధికారమంటే ఏమిటో ఆ గీతలు చూస్తే తెలుస్తుంది.

అలాగని అంతా అబద్ధమని కొట్టిపారెయ్యకండి. గ్లోస్టర్‌షైర్‌లోని వెస్ట్‌బరీ కోర్టు తోట పాడుబడితే, 1967 తర్వాత దాన్ని బాగుచేసినవాళ్లు కిప్ చెక్కిన బొమ్మనే ముందు పెట్టుకున్నారు. పక్కనే, తోట వేయించినాయన ఖర్చుల పద్దు కూడా పెట్టుకున్నారు. ఏ మొక్కలు కొన్నాడో అందులో ఉంది. బొమ్మ గొప్పలు పోవచ్చు గానీ, పద్దు అలా పోదు.

చాట్స్‌వర్త్‌లో ఆ గళ్లగళ్ల పూలతోటలు ఇప్పుడు లేవు. 1760 ప్రాంతంలో 'కేపబిలిటీ' బ్రౌన్ అనే తోటల నిపుణుడు వాటిని చాలామటుకు తీసేసి పచ్చిక పరిపించాడు. కొండ మీంచి దిగే నీటిమెట్లు మాత్రం ఉన్నాయి, 1696లో మొదలైనవి. మీ బొమ్మలో అవి ఎక్కడున్నాయో వెతికి పట్టుకోండి. పట్టుకున్నాక, ఇప్పటి ఫొటో ఒకటి పక్కన పెట్టి ఏమేం మాయమయ్యాయో రాసి పంపండి. చిన్నా చెప్పిందే బుజ్జి రాయకూడదు, ముందే చెబుతున్నా.

ఇట్లు,
మీ తాతయ్య