కరెంటు పొదుపు సాయం: బల్బు దగ్గర మొదలై డాబా మీదికి

విశాఖలో ఇంటి కరెంటు ఆదాకు పెద్ద ఎత్తున అందిన తొలి సాయం సీఎఫ్ఎల్ బల్బు. 2009 ప్రాంతంలో ఓస్రామ్ కంపెనీ, తూర్పు విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) కలిసి జిల్లాలో వీటిని పంచాయి. అందులో ప్రభుత్వ సొమ్ము లేదు. పాత బల్బులు వెనక్కి తీసుకుని, మిగిలిన కరెంటుకు ఐక్యరాజ్యసమితి విధానం కింద కార్బన్ క్రెడిట్లు (కాలుష్య వాయువులు తగ్గించినందుకు ఇచ్చే, అమ్ముకోదగిన పత్రాలు) పొంది, వాటిని అమ్మి ఖర్చు రాబట్టుకోవాలన్నది లెక్క. అదే లెక్కతో కేంద్రం ఆ ఏడాదే బచత్ లాంప్ యోజన తెచ్చి, సీఎఫ్ఎల్‌ను మామూలు బల్బు ధరకు, అంటే 15 రూపాయలకు ఇమ్మంది. 2012 నాటికి క్రెడిట్ల ధర కుప్పకూలడంతో పథకమూ నీరుగారింది.

తర్వాత ఎల్ఈడీ వచ్చింది. 2014 చివర గుంటూరు, శ్రీకాకుళం వంటి జిల్లాల్లో రెండు పాత బల్బులు తెచ్చిస్తే రెండు 7 వాట్ల ఎల్ఈడీలు, ఒక్కోటి 10 రూపాయలకు ఇచ్చారు. కేంద్ర సంస్థ ఈఈఎస్ఎల్ కోట్లలో టోకున కొనడంతో 2014 మొదట్లో 310 రూపాయలున్న బల్బు కొనుగోలు ధర 2016లో 38కి పడింది. సబ్సిడీ కన్నా ఆ టోకు కొనుగోలే ఎక్కువ మేలు చేసిందని చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కూల్చిన విశాఖలో వీధి దీపాలు కూడా ఇదే సంస్థ ద్వారా ఎల్ఈడీలయ్యాయి.

అయితే ఉక్కపోత ఊళ్లో బిల్లు పెంచేది దీపం కాదు, ఫ్యాను, ఏసీ. 75 వాట్ల పాత ఫ్యాను తీసి 30 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తాగే మోటారు) ఫ్యాను పెడితే, రోజుకు 12 గంటల వాడకంలో నెలకు 16 యూనిట్లు మిగులుతాయి. ఆంధ్రప్రదేశ్ కరెంటు రేట్ల శ్లాబుల్లో నెలకు 126 నుంచి 225 యూనిట్ల వరకు యూనిట్ 6 రూపాయలు, 226 నుంచి 400 వరకు 8.75. మిగిలే యూనిట్లు పై శ్లాబు నుంచే తగ్గుతాయి కాబట్టి వాడకం 225 బాగా దాటే వేసవిలో ఒక్క ఫ్యానుకే నెలకు 140 రూపాయలు కలిసొస్తుంది. నివాస భవనాలకు 2018లో వచ్చిన కేంద్ర ఇంధన పొదుపు నియమావళి ఎకో నివాస్ సంహిత పైకప్పు యు-విలువ (వేడిని ఎంత లోపలికి పంపుతుందో చెప్పే అంకె) 1.2 దాటకూడదంది. ఉత్త కాంక్రీటు శ్లాబుకు అది 3కు పైనే. మీద 25 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ బోర్డు (వేడిని ఆపే గట్టి ప్లాస్టిక్ నురుగు పలక) పరిచి, కాంక్రీటు పొర వేసి టైల్స్ వేస్తే 1.2 లోపుకు దిగుతుంది. ఏసీ మీద భారం తగ్గించే ఈ పనికి పైన చెప్పిన ఏ పథకమూ పైసా ఇవ్వలేదు. అసలు లోటు ఇక్కడే ఉంది.

డబ్బు డాబా మీది సోలార్ పలకలకు వెళ్లింది. 2019లో 3 కిలోవాట్ల వరకు ఖర్చులో 40 శాతం సబ్సిడీ ఇచ్చారు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ శాతాలు తీసేసి, మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30 వేలు, మూడోదానికి 18 వేలు, అంటే గరిష్ఠంగా 78 వేలు ఖరారు చేసింది. బీసీ కుటుంబాలకు రెండు కిలోవాట్లకు రాష్ట్రం మరో 20 వేలు కలిపింది. కిలోవాటుకు నూరు చదరపు అడుగుల నీడలేని జాగా కావాలి. నెలకు 120 యూనిట్ల దాకా వస్తాయి.

సూర్యఘర్ పోర్టల్‌లో కరెంటు సర్వీసు నంబరుతో దరఖాస్తు, డిస్కం అనుమతి, అధీకృత వెండరు, నెట్ మీటరు (గ్రిడ్‌కు పంపిన, తీసుకున్న కరెంటు రెండూ లెక్కించేది), తనిఖీ అయ్యాకే సబ్సిడీ ఖాతాలో పడుతుంది. అప్పటిదాకా మొత్తం సొమ్ము మనమే పెట్టాలి, లేదా బ్యాంకు రుణం తీసుకోవాలి. తాతగారి పేరున ఉన్న సర్వీసు, మనవడి పేరున ఉన్న ఖాతా అయితే పని ఆగుతుంది. ముందే పేరు మార్పించుకోవాలి. దేశీయ సెల్స్‌తో చేసిన పలకలు కాకపోతే సబ్సిడీ రాదు.

సముద్రపు ఉప్పుగాలికి పెయింటు వేసిన ఇనుప చట్రం నిలవదు. 80 మైక్రాన్ల హాట్‌డిప్ గాల్వనైజింగ్ (కరిగిన జింకులో ముంచి వేసే పూత), స్టెయిన్‌లెస్ బోల్టులు అడగాలి. కట్టడాలపై భారాలు చెప్పే భారత ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం విశాఖకు లెక్కించాల్సిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. దిమ్మెలు శ్లాబుకు గట్టిగా పట్టకపోతే తుపానుకు చట్రం లేచిపోతుంది, రంధ్రాలు సరిగా మూయకపోతే వానకు ఇల్లు కారుతుంది.

అపార్ట్‌మెంటు సంఘాలకు కిలోవాటుకు 18 వేలు ఇస్తారు, అదీ ఉమ్మడి సదుపాయాలకే. లిఫ్టు, మోటారు, మెట్ల దీపాల బిల్లు తగ్గుతుంది. ఫ్లాటు లోపలి ఏసీ మీటరు మాత్రం ఎప్పట్లాగే తిరుగుతుంది.