ఆఫ్ బటన్ ఊడిపోయిన జన్యువు

"మా తమ్ముడికి సీఎంఎల్ అనే రక్త క్యాన్సర్ అన్నారు. రిపోర్టులో బీసీఆర్-ఏబీఎల్ పాజిటివ్ అని ఉంది. మాకూ పిల్లలకూ కూడా జీన్ టెస్ట్ చేయించాలా?" అని ఒక పాఠకురాలు అడిగారు. అక్కర్లేదు. ఇది వంశంలో వచ్చేది కాదు. ఆయన పుట్టాక ఎప్పుడో ఎముక మూలుగలో ఒక్క కణంలో జరిగిన పొరపాటు. బంధువులు నాగదోషం అంటున్నారట. ఆ పూజ ఖర్చు కూడా మిగుల్చుకోండి.

1960లో ఫిలడెల్ఫియాలో నోవెల్, హంగర్‌ఫర్డ్ ఈ రోగుల కణాల్లో ఒక పొట్టి క్రోమోజోమ్‌ను చూశారు. 9, 22 క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడమే దీనికి కారణమని 1973లో జానెట్ రౌలీ తేల్చారు. ఆ మార్పిడిలో 9 మీది ఏబీఎల్ జన్యువు వెళ్లి 22 మీది బీసీఆర్ జన్యువు‌కు అతుక్కుంటుంది.

అసలు సంగతి ఇక్కడుంది. ఏబీఎల్ ప్రోటీన్‌ను పొలంలో బోరు మోటారు అనుకోండి, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువు దానికి కరెంటు. అది నడిస్తే కణానికి 'విభజించు' అన్న కబురు వెళ్తుంది. మామూలు ఏబీఎల్‌కు ఆఫ్ బటన్ ఒంట్లోనే ఉంటుంది: మొదట్లో ఉన్న మిరిస్టాయిల్ అనే కొవ్వు తోక వెనక్కి మడుచుకుని ప్రోటీన్‌లోనే ఉన్న ఒక గుంటలో దూరితే మోటారు ఆగుతుంది. అతుకు పడినప్పుడు సరిగ్గా ఆ తోక పోయి, ఆ చోట బీసీఆర్ వచ్చింది. బీసీఆర్‌కు జట్టుకట్టే గుణం ఉంది. దగ్గరికి చేరిన ప్రోటీన్లు ఒకదానికొకటి ఫాస్ఫేట్ తగిలించుకుని ఆన్ అయిపోతాయి. అంటే ఆఫ్ బటన్ పీకేసి ఆటో స్టార్టర్ బిగించినట్టే. కణంలో కరెంటు కోత ఉండదు కదా!

2001లో అనుమతి పొందిన ఇమాటినిబ్ అనే మందు, ఏటీపీ కూర్చునే గుంటలో తాను కూర్చుంటుంది. ఫ్యూజు పీకి అక్కడ చెక్కముక్క పెట్టినట్టు. ఆ గుంటలో 315వ స్థానంలోని అమైనో ఆమ్లం త్రియోనిన్‌తో హైడ్రోజన్ బంధం వేసుకుంటుంది. కొందరిలో ఒకే ఒక్క డీఎన్‌ఏ అక్షరం మారి త్రియోనిన్ బదులు ఐసోల్యూసిన్ అనే మరో అమైనో ఆమ్లం వస్తుంది. బంధం పోయె, పైగా లావుపాటి అడ్డం వచ్చె. చెక్క పట్టదు, కరెంటు మాత్రం పారుతుంది. 2012లో వచ్చిన పొనాటినిబ్ నడుమ కార్బన్ త్రిబంధం ఉండటంతో సన్నగా, నిటారుగా ఆ అడ్డం పక్కనుంచి దూరిపోతుంది. 2021 నాటి అసిమినిబ్ అయితే ఫ్యూజు జోలికే పోదు. ఖాళీగా పడున్న మిరిస్టాయిల్ గుంటలో దూరి, పోయిన ఆఫ్ బటన్ పని తాను చేస్తుంది. మందుల తయారీలో నాకు ఇంతకన్నా ముచ్చటైన ఆలోచన కనిపించలేదు. ఇంటర్‌లో క్రోమోజోమ్ బొమ్మ గీయించి మార్కులేసి వదిలేస్తారు, ఈ కథ చెబితే బైపీసీ సెక్షన్లు సరిపోవు.

ఇమాటినిబ్ కొత్త స్ఫటిక రూపానికి పేటెంట్ ఇవ్వనని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. ఆ పేటెంట్‌ను వ్యతిరేకించినవాళ్లలో హైదరాబాద్ కంపెనీ నాట్కో కూడా ఉంది. చవక మాత్ర మనకు నిలిచింది అలాగే.

ఈ అతుకు మందుకు గురి మాత్రమే కాదు, రోగానికి కొలత కూడా. రక్తంలో బీసీఆర్-ఏబీఎల్ ఆర్‌ఎన్‌ఏను పీసీఆర్‌తో లెక్కిస్తారు. రిపోర్టులో 0.1 శాతం అంటే, చికిత్సకు ముందు ఉండే ప్రామాణిక స్థాయిలో వెయ్యో వంతు. కనీసం రెండేళ్లు ఈ పరీక్షలో అది అసలు కనబడకుండా ఉన్నవాళ్లకు ఫ్రాన్స్‌లో ఇమాటినిబ్ ఆపి చూస్తే, పదిమందిలో సుమారు నలుగురికి తిరగబెట్టలేదు. తిరగబెట్టినవాళ్లలో ఎక్కువమందికి మొదటి ఆరు నెలల్లోనే బయటపడింది. అందుకే డాక్టరు మాత్ర ఆపించినా, మొదట్లో నెలనెలా పీసీఆర్ తప్పదు.