కోచ్ ఊరికి రావాలా, కుర్రాడే కాలేజీకి వెళ్లాలా? శాటిలైట్ క్యాంపుల గొడవ వెనుక కథ

2016 ఏప్రిల్ 8న అమెరికా కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ ఒక నిర్ణయం తీసుకుంది. పెద్ద యూనివర్సిటీల ఫుట్‌బాల్ కోచ్‌లు ఇకపై తమ సొంత క్యాంపులలో తప్ప ఇంకెవరి వేసవి క్యాంపులోనూ పనిచేయకూడదు. సొంత క్యాంపస్‌కు దూరంగా, వేరేవాళ్లు పెట్టిన క్యాంపుకు కోచ్‌లు వెళ్లి కుర్రాళ్ల ఆట చూస్తే దాన్ని శాటిలైట్ క్యాంపు అంటారు. నిర్ణయం ఆ క్షణం నుంచే అమలు. సరిగ్గా ఇరవై రోజులకు, ఏప్రిల్ 28న, అదే సంస్థ పాలకమండలి ఆ నిర్ణయాన్ని రద్దు చేసింది. ఒక క్రీడాసంస్థ ఇంత తొందరగా వెనక్కి తగ్గడం అరుదు. ఆ ఇరవై రోజుల్లో ఏం జరిగిందో అర్థం కావాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

ముందుగా ఇక్కడున్న చదువరుల కోసం ఒక మాట. ఈ ఫుట్‌బాల్ మన మైదానాల్లో కాలితో ఆడేది కాదు, హెల్మెట్లు పెట్టుకుని కోడిగుడ్డు ఆకారపు బంతితో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. డల్లాస్ పక్కన ఫ్రిస్కోలోనో, అట్లాంటా శివార్లలోనో పిల్లల్ని హైస్కూల్లో చదివిస్తున్న తెలుగువాళ్లకు శుక్రవారం రాత్రి మ్యాచ్‌ల హడావుడి బాగా తెలుసు. ఆ మ్యాచ్‌లలో బాగా ఆడిన కుర్రాడికి కాలేజీ స్కాలర్‌షిప్ దొరికితే ఫీజు, హాస్టల్, భోజనం అన్నీ యూనివర్సిటీవే. పేదింటి పిల్లాడికి అది జీవితాన్ని మార్చేసే అవకాశం. అందుకే ఏ కోచ్ ఏ కుర్రాణ్ణి ఎప్పుడు చూడొచ్చు, ఎప్పుడు మాట్లాడొచ్చు అనేదానికి అక్కడ పెద్ద నిబంధనల పుస్తకమే ఉంది. పదో తరగతి ఫలితాలు రాకముందే ర్యాంకు వచ్చేలా ఉన్న పిల్లల ఇళ్ల చుట్టూ మన కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు తిరుగుతారు చూడండి, అదే పోటీ అక్కడ మైదానంలో నడుస్తుంది.

ఆ పోటీ కొత్తదేం కాదు. 1929లో కార్నెగీ ఫౌండేషన్ 112 విద్యాసంస్థలను పరిశీలించి ఒక నివేదిక ఇచ్చింది. ఎక్కువ చోట్ల ఆటగాళ్లకు ఏదో ఒక రూపంలో డబ్బు అందుతోందని అందులో తేలింది. 1948లో ఎన్‌సీఏఏ కఠినమైన నియమావళి తెచ్చినా అది మూడేళ్లకే రద్దయింది. చివరికి 1956 నుంచి ఆట కోసమే స్కాలర్‌షిప్ ఇవ్వడాన్ని బాహాటంగా ఒప్పుకున్నారు. అప్పటి నుంచి ప్రశ్న మారింది. డబ్బు ఇవ్వొచ్చా లేదా అన్నది పోయి, ఎవరి దగ్గరికి ఎవరు వెళ్లాలి అన్నది మిగిలింది.

ఇక్కడే మిషిగన్ స్టేట్ కోచ్ డఫీ డాహర్టీ గురించి చెప్పుకోవాలి. శాటిలైట్ క్యాంపుల చర్చలో ఆయన పేరు పెద్దగా వినిపించదు. నాకైతే ఈ కథ మొత్తానికి వేరు అక్కడే ఉందనిపిస్తుంది. 1960ల మొదట్లో దక్షిణాది రాష్ట్రాల పెద్ద యూనివర్సిటీలు నల్లజాతి ఆటగాళ్లను తమ జట్లలోకి రానిచ్చేవి కావు. అక్కడి నల్లజాతి హైస్కూల్ కోచ్‌లకు తెల్లవాళ్ల శిక్షణ శిబిరాల్లోకి కూడా ప్రవేశం లేదు. డాహర్టీ ఆ కోచ్‌ల కోసం విడిగా శిక్షణ తరగతులు పెట్టాడు. ఆట మెళకువలు చెప్పాడు, వాళ్లతో స్నేహం చేశాడు. తమ దగ్గరున్న మంచి కుర్రాళ్లకు దారి చూపాలనుకున్నప్పుడు ఆ కోచ్‌లకు ఆయనే గుర్తొచ్చాడు.

టెక్సాస్‌లోని బోమాంట్‌లో విల్లీ రే స్మిత్ అలాంటి ఒక కోచే. ఆయన కొడుకు బబ్బా స్మిత్ ఆడాలనుకున్నది సొంత రాష్ట్రంలోని టెక్సాస్ యూనివర్సిటీలో. అక్కడ తలుపు మూసి ఉంది. వెయ్యి మైళ్లకు పైగా ఉత్తరాన, మిషిగన్ స్టేట్ ఉన్న ఈస్ట్ లాన్సింగ్‌కు వెళ్లాడు. సౌత్ కరోలినా నుంచి జార్జ్ వెబ్‌స్టర్, టెక్సాస్‌లోని లా పోర్ట్ నుంచి జీన్ వాషింగ్టన్, నార్త్ కరోలినా నుంచి జిమ్మీ రే కూడా అలాగే వచ్చారు. 1966లో ఆ జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు, నోటర్ డేమ్‌తో 10-10 డ్రా ఒక్కటే. ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లోకి కాలేజీ ఆటగాళ్లను వరసగా ఎంచుకునే 1967 డ్రాఫ్ట్‌లో మొదటి ఎనిమిది మందిలో నలుగురు ఈ జట్టువాళ్లే, అందరికంటే ముందు ఎంపికైనవాడు బబ్బా స్మిత్. అదే ఏడాది సెప్టెంబర్ 30న కెంటకీ తరఫున నేట్ నార్తింగ్టన్ మైదానంలోకి దిగాడు. దక్షిణాది జట్ల కూటమి అయిన ఎస్‌ఈసీలో మ్యాచ్ ఆడిన మొదటి నల్లజాతి ఫుట్‌బాల్ ఆటగాడు అతనే. బయటి కోచ్ ఒకడు వచ్చి గుర్తించకపోతే, పుట్టిన చోట తలుపులు మూసిన ఆ కుర్రాళ్లు ఏమైపోయేవాళ్లో ఊహించుకోవచ్చు.

దక్షిణాది జట్లు తలుపులు తెరిచాక లెక్క తిరగబడింది. అక్కడి కుర్రాళ్లు అక్కడే ఉండిపోవడం మొదలైంది. 1979లో మయామి యూనివర్సిటీకి వచ్చిన హోవర్డ్ ష్నెలెన్‌బర్గర్ దక్షిణ ఫ్లోరిడా చుట్టూ గీత గీసి దానికి 'స్టేట్ ఆఫ్ మయామి' అని పేరు పెట్టాడు. ఆ గీత లోపలి కుర్రాళ్లు బయటికి పోకూడదన్నది ఆయన పంతం. 1983 సీజన్‌లో జాతీయ టైటిల్ గెలిచాడు. మరోపక్క ఎన్‌సీఏఏ స్కాలర్‌షిప్‌ల సంఖ్యకు 1973లో 105 అని హద్దు పెట్టింది. అది 1978లో 95కి, 1990ల మొదట్లో 85కి తగ్గింది. సీట్లు తగ్గిన కొద్దీ ఒక్కో కుర్రాణ్ణి ఎంచుకోవడం కోచ్‌కు టెన్షన్ పెట్టే పనైంది. వీడియో చూసి సరిపెట్టుకుంటే కుదరదు, కళ్లారా చూడాలి.

కళ్లారా చూడడానికి ఉన్న దారులేమో ఒక్కొక్కటీ మూసుకుపోయాయి. వసంతంలో హైస్కూళ్లకు వెళ్లి ఆటగాళ్లను పరిశీలించే వీలు కొన్ని వారాలు ఉంటుంది. 2007లో అలబామా యూనివర్సిటీ కోచ్‌గా వచ్చిన నిక్ సేబన్ దాన్ని గట్టిగా వాడుకున్నాడు. 2008లో హెడ్ కోచ్‌లు ఆ వసంత పర్యటనలకు వెళ్లకూడదని నిబంధన వచ్చింది. దానికి సేబన్ రూల్ అనే పేరు స్థిరపడిపోయింది. అసిస్టెంట్లు వెళ్లొచ్చు, హెడ్ కోచ్ ఇంట్లో కూర్చోవాలి. ఇక వేసవిలో మిగిలింది క్యాంపే.

క్యాంపు అంటే జూన్ ఎండలో ఒక రోజు. ఫీజు కట్టిన ఎవరైనా రావచ్చు. ఎత్తు, బరువు కొలుస్తారు, 40 గజాల పరుగుకు టైమ్ పెడతారు, ఒకరి మీద ఒకరిని ఆడిస్తారు. మధ్యాహ్నానికి కోచ్‌కు ఎవరి సత్తా ఎంతో తెలిసిపోతుంది. ఈ క్యాంపును సొంత రాష్ట్రంలో గానీ, బయట అయితే క్యాంపస్‌కు 50 మైళ్ల లోపు గానీ పెట్టాలని అప్పటి నిబంధన. అయితే అందులో ఒక సందు ఉండేది. క్యాంపు పెట్టడానికే హద్దు, వేరేవాళ్లు పెట్టిన క్యాంపులో అతిథి కోచ్‌గా పనిచేయడానికి ఏ హద్దూ లేదు. ఎస్‌ఈసీ, ఏసీసీ కూటములు మాత్రం తమ కోచ్‌లకు ఆ సందు కూడా సొంతంగా మూసేసుకున్నాయి.

2014లో జేమ్స్ ఫ్రాంక్లిన్ అనే కోచ్ ఆ సందులోంచి నడిచాడు. అంతకుముందు ఎస్‌ఈసీలోని వాండర్‌బిల్ట్‌లో పనిచేసి అప్పుడే పెన్ స్టేట్‌కు వచ్చాడు. అట్లాంటాలో జార్జియా స్టేట్, ఫ్లోరిడాలో స్టెట్సన్ యూనివర్సిటీ పెట్టిన క్యాంపుల్లో తన సిబ్బందితో పనిచేశాడు. ఎస్‌ఈసీ కోచ్‌లకు ఒళ్లు మండింది. తమ పెరట్లోకి వచ్చి తమ కుర్రాళ్లను చూస్తున్నారు, తామేమో కదలడానికి లేదు.

2014 డిసెంబర్ ఆఖరులో జిమ్ హార్బా మిషిగన్ యూనివర్సిటీ (డాహర్టీ పనిచేసిన మిషిగన్ స్టేట్ వేరు) కోచ్‌గా వచ్చాక అది దేశమంతా మాట్లాడుకునే గొడవైంది. 2015 జూన్‌లో ఇండియానా, అలబామా, ఫ్లోరిడా, టెక్సాస్, కాలిఫోర్నియా, పెన్సిల్వేనియా అంటూ ఊరూరా తిరిగాడు. అలబామాలోని ప్రాట్‌విల్‌లో చొక్కా విప్పేసి కుర్రాళ్లతో కలిసి బంతి ఆడుతున్న ఫొటో అన్ని పేపర్లలోనూ వచ్చింది. అది సేబన్ ఇలాకా. మరుసటి ఏడాది వసంత సెలవుల్లో జట్టు మొత్తాన్ని ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీకి తీసుకెళ్లి అక్కడే ప్రాక్టీస్ పెట్టాడు. ఎస్‌ఈసీ కమిషనర్ గ్రెగ్ శాంకీ సెలవులు ఆటగాళ్లవని అభ్యంతరం చెప్పారు. ఆ ఒక్క విషయంలో శాంకీ మాటలో న్యాయం ఉంది. 2017 జనవరిలో అలాంటి సెలవు ప్రాక్టీసులను నిషేధించారు కూడా. క్యాంపుల సంగతి మాత్రం వేరు. అక్కడికి వచ్చేది కోచ్, సొంత ఊళ్లో ఉండేది కుర్రాడు.

నిషేధం కోరినవాళ్ల వాదనలను కొట్టిపారేయలేం. క్యాంపుల ముసుగులో మధ్యవర్తులు చేరతారన్నారు. కోచ్‌లకు కుటుంబంతో గడిపే సమయం పోతుందన్నారు. రిక్రూట్‌మెంట్‌ను హైస్కూల్ కోచ్‌ల చేతుల్లోంచి లాగేస్తుందన్నారు. వీటిలో మొదటిది నిజమైన భయమే. కానీ ఓటు ఎలా పడిందో చూస్తే అసలు సంగతి అర్థమవుతుంది.

ఏప్రిల్ 8న ఎన్‌సీఏఏ కౌన్సిల్‌లో పెద్ద ఫుట్‌బాల్ ఆడే పది కూటములకు ఓటుంది. అందులో అయిదు పెద్ద కూటముల ఓటుకు రెండింతల విలువ. లెక్క 10-5తో నిషేధం వైపు తేలింది. ఎస్‌ఈసీ, ఏసీసీ, బిగ్ ట్వెల్వ్, పాక్-12లతో పాటు మౌంటెన్ వెస్ట్, సన్ బెల్ట్ అటు నిలబడ్డాయి. మిషిగన్ ఉన్న బిగ్ టెన్, అమెరికన్, కాన్ఫరెన్స్ యూఎస్‌ఏ, మిడ్ అమెరికన్ వద్దన్నాయి. అయితే తమ కూటమిలోని 12 యూనివర్సిటీల్లో 11 నిషేధానికి వ్యతిరేకమని పాక్-12 కమిషనర్ లారీ స్కాట్ తర్వాత బయటపెట్టారు. కూటమి తరఫున ఓటేసిన యూసీఎల్‌ఏ క్రీడల డైరెక్టర్ డాన్ గెరెరో మాత్రం నిషేధం వైపు వేశారు. ఆ రెండు ఓట్లు అటు కాక ఇటు పడి ఉంటే 8-7. నిషేధం అప్పుడూ నిలిచేదే, కానీ ఏకపక్షం అని చెప్పుకోవడానికి ఉండేది కాదు.

నిషేధం వచ్చాక గొడవ ఇంకా పెద్దదైంది హార్బా ఒక్కడి వల్ల కాదు. మిడ్ అమెరికన్ లాంటి చిన్న కూటముల కోచ్‌లకు ఏళ్ల తరబడి ఒక అలవాటుంది. ఒహాయో స్టేట్ లాంటి పెద్ద యూనివర్సిటీ క్యాంపు పెడితే వీళ్లు అక్కడ పనిచేసేవాళ్లు. అక్కడికి వచ్చిన వందలమందిలో పెద్ద జట్టు తీసుకునేది కొద్దిమందిని. మిగిలినవాళ్లలో ఒకడి పాదాల కదలిక చూసి చిన్న యూనివర్సిటీ కోచ్ అక్కడికక్కడే స్కాలర్‌షిప్ ఇస్తాననేవాడు. నిషేధం ఈ దారిని కూడా మూసేసింది. ప్రతి యూనివర్సిటీకీ కుర్రాడు విడిగా వెళ్లాలి, ప్రతిచోటా ఫీజు కట్టాలి, పెట్రోలూ మోటెల్ ఖర్చూ సొంతంగా పెట్టుకోవాలి. వాషింగ్టన్ స్టేట్ కోచ్ మైక్ లీచ్ దీని మీద గట్టిగా విరుచుకుపడ్డాడు. ఆయన యూనివర్సిటీ ఉన్న పుల్‌మన్ పెద్ద నగరాలన్నిటికీ దూరం. అక్కడికి పేద కుర్రాడు దారివెంట పోతూ వచ్చే వీలే లేదు.

సొంత రాష్ట్రంలోనే కావలసినంతమంది ఆటగాళ్లున్న యూనివర్సిటీకి నిషేధం వల్ల పోయేదేమీ లేదు. వాళ్ల దగ్గరికి అందరూ వస్తారు. నష్టపోయేది పేరు ఇంకా ఎవరికీ తెలియని కుర్రాడు. ఏప్రిల్ 28న పాలకమండలి (బోర్డు) నిషేధాన్ని రద్దు చేసినప్పుడు ఆ బోర్డుకు అధ్యక్షుడు హారిస్ పాస్టైడీస్. అప్పట్లో ఆయన నడిపిన సౌత్ కరోలినా యూనివర్సిటీ ఎస్‌ఈసీలోదే. రిక్రూట్‌మెంట్ మొత్తాన్నీ మళ్లీ పరిశీలించమని బోర్డు కౌన్సిల్‌కు చెప్పింది. మే నెలాఖరుకు ఎస్‌ఈసీ కూడా తన సొంత నిషేధాన్ని ఎత్తేసింది.

ఆ వేసవి అంతా క్యాంపులే. మిషిగన్ జాబితాలో అమెరికన్ సమోవా, ఆస్ట్రేలియా కూడా చేరాయి. ఎస్‌ఈసీ వసంత సమావేశాల్లో సేబన్ ఆవేశంగా మాట్లాడాడు. ఈ క్యాంపులను చూసేవాడు లేడు, అడిగేవాడు లేడు, ఎవరికి డబ్బు పోతోందో తెలియదు అన్నది ఆయన వాదన. హార్బా ట్విట్టర్‌లో ఘాటుగా జవాబిచ్చాడు. పేపర్లకు మంచి మసాలా దొరికింది గానీ, ఇద్దరి మాటల్లోనూ కుర్రాళ్ల ఊసు పెద్దగా లేదు.

2017 ఏప్రిల్‌లో కౌన్సిల్ రాజీ కుదిర్చింది. జూన్, జూలైల్లో ఒక్కో జట్టు కోచ్‌లు క్యాంపుల్లో పాల్గొనేది పది రోజులే. క్యాంపు ఏదో ఒక యూనివర్సిటీ క్యాంపస్‌లోనో, ఆ జట్టు మామూలుగా వాడే మైదానంలోనో జరగాలి. అంటే హైస్కూల్ మైదానాల్లో ఊరూరి పర్యటన అయిపోయింది. దానికి బదులు క్యాంపులో రిక్రూట్‌మెంట్ గురించి కుర్రాళ్లతో నేరుగా మాట్లాడొచ్చన్నారు. అదే ప్యాకేజీలో యూనివర్సిటీ ఖర్చుతో జరిగే అధికారిక సందర్శనలను హైస్కూల్ మూడో ఏడాది వసంతంలోనే మొదలుపెట్టే వీలు కల్పించారు. నా లెక్కలో అసలు మేలు ఇదే. కుర్రాడే వెళ్లాల్సి వచ్చినా టికెట్ డబ్బు పిలిచినవాళ్లదే. కాకపోతే ఆ పిలుపు ముందే గుర్తింపు వచ్చినవాడికే వస్తుంది.

ఇప్పుడు చిన్న కాలేజీలు క్యాంపు పెడితే ఒకే రోజు బోలెడన్ని యూనివర్సిటీల కోచ్‌లు వస్తారు, వాటినే మెగా క్యాంపులంటున్నారు. హార్బా 2024 జనవరిలో జాతీయ టైటిల్ గెలిచి ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్లిపోయాడు. 2021 నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు, ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ద్వారా జట్లు మారడమూ తేలికైంది. 2025లో వచ్చిన కోర్టు సెటిల్‌మెంట్‌తో యూనివర్సిటీలే ఆటగాళ్లకు నేరుగా చెల్లిస్తున్నాయి. కాలేజీలో రెండేళ్లు ఆడి రుజువైన ఆటగాడు పోర్టల్‌లో దొరుకుతుంటే, హైస్కూల్ నుంచి తెలియని కుర్రాణ్ణి తీసుకునే ఓపిక చాలామంది కోచ్‌లకు తగ్గింది. పేరు లేని కుర్రాడికి జూన్‌లో ఆ ఒక్క రోజు మునుపటి కంటే ఎక్కువ అవసరమైంది. ఆ రోజుకయ్యే ఫీజు, ప్రయాణం ఖర్చు మాత్రం ఇప్పటికీ వాళ్ల ఇంటివాళ్లే పెట్టుకుంటున్నారు.