గుర్రం, పోనీ (పొట్టి జాతి గుర్రం), గాడిద పెంపకం: ఆవుల పద్ధతి వల్ల వచ్చే అపోహలు, అసలు వాస్తవాలు

దొడ్డబళ్లాపుర, దేవనహళ్లి, హొసకోటె చుట్టుపక్కల ఎకరమో రెండెకరాలో కొనుక్కుని, బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూనే పొలంలో ఒక గుర్రాన్నో గాడిదల జతనో పెంచుకుంటున్న తెలుగు కుటుంబాలు నన్ను వైద్యానికి పిలిచినప్పుడు, వారి ప్రేమలో నాకు ఏ లోటూ కనిపించదు. సొంత ఊళ్లలో ఆవులను, గేదెలను సాకిన పద్ధతినే ఈ జంతువులకూ పాటించడం చాలా జబ్బులకు మూలమని పశువైద్యుడిగా నా గట్టి అభిప్రాయం.

అపోహ: నేపియర్ గడ్డి పాడిపశువులకు మంచిదైతే గుర్రానికీ మంచిదే.

వాస్తవం: నేపియర్ గడ్డిలో ఆక్సలేట్లు అనే లవణాలు ఎక్కువగా ఉంటాయి. ఆవు మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు వాటిని చాలావరకు విరగ్గొట్టగలవు. గుర్రానికి, గాడిదకు అటువంటి పొట్ట లేదు. మేతను పులియబెట్టే సూక్ష్మజీవులు వాటి పెద్దపేగులో ఉంటాయి, కానీ కాల్షియం ఒంటబట్టేది అంతకు ముందే, చిన్నపేగులో. అక్కడ ఆక్సలేటు కాల్షియాన్ని బంధించి రక్తంలోకి చేరనివ్వదు కాబట్టి, శరీరం తన ఎముకల నుంచే కాల్షియాన్ని లాక్కుంటుంది. నెలల తరబడి ఇదే మేత సాగితే గుర్రం కుంటుతుంది, దవడ, ముఖం ఎముకలు ఉబ్బుతాయి. దీనికి తోడు, బలానికని తవుడు దండిగా కలిపితే కీడు రెట్టింపవుతుంది, ఎందుకంటే తవుడులో భాస్వరం చాలా ఎక్కువ, కాల్షియం బహు తక్కువ. నేపియర్ తప్ప వేరే పచ్చిమేత దొరకని చోట ఎండు రాగిగడ్డిని ప్రధాన మేతగా ఉంచి, గుర్రానికి కొంత లూసర్న్ (పప్పుజాతి పశుగ్రాసం) కలిపి, కాల్షియం మోతాదును వైద్యుడితో నిర్ణయించుకోవాలి. కొత్తగా గడ్డి వేసుకునేవారికి నేను ఆక్సలేట్లు తక్కువగా ఉండే రోడ్స్ గడ్డినే సూచిస్తాను.

అపోహ: పొద్దున, సాయంత్రం ఉలవలు, దాణా కడుపునిండా పెడితే మధ్యలో మేత లేకపోయినా పరవాలేదు.

వాస్తవం: గుర్రం జీర్ణాశయం చిన్నది, సుమారు 8 నుంచి 15 లీటర్లు, అందులో ఆమ్లం మేత ఉన్నా లేకపోయినా ఊరుతూనే ఉంటుంది. ఖాళీ కడుపుతో గంటల కొద్దీ నిలబడితే పుండ్లు పడతాయి, ఒక్కసారిగా దాణా ఎక్కువైతే కడుపునొప్పి, గిట్టల వాపు వస్తాయి. గుర్రం వాంతి చేసుకోలేదు కాబట్టి దాని కడుపునొప్పి ప్రాణాంతకం కావచ్చు. 400 కిలోల గుర్రానికి రోజుకు కనీసం 6 కిలోల ఎండుగడ్డి, పలు విడతలుగా అందాలి.

అపోహ: కోళ్ల దాణా మిగిలితే గుర్రానికి వేయవచ్చు.

వాస్తవం: ఎంతమాత్రం వేయకూడదు. కోళ్ల దాణాలోనూ, కొన్ని పశువుల దాణాలలోనూ కలిపే మోనెన్సిన్ అనే మందు కోడికి మేలు చేసే మోతాదులోనే గుర్రం గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది. దానికి విరుగుడు లేదు. రెండు దాణాలూ ఒకే గదిలో, ఒకే గరిటెతో వాడడం కూడా మానుకోవాలి.

అపోహ: గాడిదకు ప్రత్యేక శ్రద్ధ అక్కర్లేదు, ఏదో తిని ఎక్కడో పడి ఉంటుంది.

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టే అపోహ ఇదే. ఎడారి ప్రాంతాల నుంచి వచ్చిన గాడిద తక్కువ మేతతో బతకగలదు. 130 కిలోల గాడిదకు రోజుకు సుమారు 2 కిలోల ఎండుమేత సరిపోతుంది. అందుకే పోనీలాగే అది కూడా మంచి మేతతో త్వరగా కొవ్వెక్కుతుంది. అలాగని కొవ్వెక్కిన గాడిదను పస్తుంచకూడదు: మేత ఆగిపోతే ఒంట్లోని కొవ్వు కరిగి రక్తంలోకి వెల్లువెత్తి, కాలేయాన్ని దెబ్బతీసి, ప్రాణం తీయగలదు. నొప్పి వస్తే గుర్రం పొర్లుతుంది, గాడిద మాత్రం ఊరకే తల వంచుకుని నిలబడుతుంది కాబట్టి, ఒక్క పూట మేత ముట్టకపోయినా వైద్యుణ్ణి పిలవాలి. గాడిద వెంట్రుకలు గుర్రం వెంట్రుకలంతగా వాననీటిని ఆపలేవు. బెంగళూరులో జూన్ నుంచి అక్టోబరు దాకా వానలు పడతాయి కనుక పైకప్పు, మూడువైపుల గోడలు ఉన్న పొడినేల పాక తప్పనిసరి.

జతలేని గాడిద బెంగతో మేత మానేస్తే పైన చెప్పిన ప్రమాదమే ఎదురవుతుంది. పక్కన ఆవు ఉండడం తన జాతి తోడుకు సాటి కాదు, కాబట్టి ఒక్కదాన్నే కొనకండి.

అపోహ: మన పొలంలోనే ఉంచుకునే జంతువుకు రక్తపరీక్ష ఎందుకు?

వాస్తవం: గ్లాండర్స్ అనే అంటువ్యాధి గుర్రాలు, గాడిదల నుంచి మనుషులకు సోకుతుంది, దానికి టీకా లేదు. కొనే ముందే పశుసంవర్ధక శాఖ ద్వారా రక్త నమూనా పరీక్ష చేయించుకోవాలి. ధనుర్వాతానికి మాత్రం టీకా ఉంది. పశువులన్నిటిలో గుర్రానికే ఆ జబ్బు ముప్పు ఎక్కువ కాబట్టి, మొదటి రెండు మోతాదుల తర్వాత వైద్యుడు చెప్పిన గడువుల్లో టీకా మళ్లీ వేయించాలి.