వికీపీడియాలో మర్యాదగా ఉండటం: అపోహలు, వాస్తవాలు

తెలుగు వికీపీడియాలో నిర్వాహకుడిగా నేను వ్యాసాలు రాసే సమయం కంటే జనానికి సర్దిచెప్పే సమయమే ఎక్కువైపోయింది. 2003 డిసెంబరులో మొదలైన ప్రాజెక్టు ఇది. ఇక్కడ ఎవరికీ జీతం లేదు, అందరం ఖాళీ దొరికినప్పుడు వచ్చి రాసేవాళ్ళమే. అయినా వ్యాసంలో ఏముండాలో మాట్లాడుకోవడానికి పెట్టిన చర్చ పేజీల్లో కొన్ని తెరిస్తే అన్నదమ్ముల గట్టు తగాదా చదువుతున్నట్టే ఉంటుంది. అక్కడ ఓపిగ్గా మాట్లాడటం గురించి కొత్తగా చేరినవాళ్ళలో కొన్ని అపోహలున్నాయి, పాతవాళ్ళలో కూడా ఉన్నాయి.

అపోహ: నిర్వాహకుడు అంటే జడ్జి. ఎవరిది రైటో ఆయనే తేలుస్తాడు.

వాస్తవం: మాకు అదనంగా ఉండేవి కొన్ని మీటలు మాత్రమే: పేజీని తొలగించడం, ఎవరుపడితే వాళ్ళు మార్చకుండా సంరక్షణలో పెట్టడం, వాడుకరిని రాయకుండా నిరోధించడం (బ్లాక్ చెయ్యడం) లాంటివి. వ్యాసంలో ఏముండాలి అన్న చోట నా మాటకి, నిన్న ఖాతా తెరిచిన కుర్రాడి మాటకి తేడా లేదు. మూలం, అంటే అచ్చైన ఆధారం, ఎవరు చూపిస్తే వాళ్ళ మాట నిలబడాలి. పైగా నేను ఒక వివాదంలో దిగి వాదించాక, అదే వివాదంలో అవతలి మనిషిని నేనే నిరోధించడం పద్ధతి కాదు. నన్ను తిడుతున్నా, మీట నా చేతిలోనే ఉన్నా, ఇంకో నిర్వాహకుడు వచ్చి చూసేదాకా ఆగాలి. ఈ పనిలో నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించేది ఇదే.

అపోహ: మర్యాదగా మాట్లాడటం అంటే మెత్తబడి ఒప్పేసుకోవడం.

వాస్తవం: మన ఊళ్ళ వ్యాసాలే చూడండి. చాలావాటిలో జనాభా లెక్క 2011 జనగణన నుంచి తీసుకున్నదే. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది కాబట్టి ఆ అంకె అలాగే ఉండిపోయింది. ఆ ఊరి మనిషి ఒకరు వచ్చి, "ఇప్పుడు ఇంకా ఎక్కువమంది ఉన్నాం" అని అంకె మార్చేస్తారు. నిజానికి ఆయన చెప్పేది నిజమే అయ్యుండొచ్చు, ఊళ్ళో ఉండేది ఆయన, నేను కాదు. అయినా ఆ మార్పుని రద్దు చెయ్యాల్సిందే, ఎందుకంటే చదివేవాళ్ళు సరిచూసుకోవడానికి దానికి ఆధారం లేదు. వెంటనే వచ్చే ప్రశ్న, "మా ఊరి గురించి నాకంటే మీకెక్కువ తెలుసా?" అని. దాంట్లో అహంకారం లేదు, బాధ ఉంది. నేను రాసే జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే: "మీ ఊరి గురించి నాకంటే మీకే ఎక్కువ తెలుసండీ. కాకపోతే ఇక్కడ అచ్చైన ఆధారం ఉన్న అంకెనే పెట్టగలం. పంచాయతీ ప్రచురించిన లెక్క గానీ, పత్రికలో వచ్చింది గానీ ఉంటే చూపించండి, ఏ సంవత్సరం లెక్కో రాసి చేరుద్దాం." ఇందులో నేను ఒక్క అంగుళం కూడా వెనక్కి తగ్గలేదు. ఆయన్ని చిన్నబుచ్చలేదు కూడా.

జిల్లాలు మారినప్పుడు ఇదే తలనొప్పి ఇంకా పెద్దదైంది. తెలంగాణలో 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి, ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 కాస్తా 26 అయ్యాయి. జనగణన లెక్కలేమో పాత జిల్లాల ప్రకారం, ఊరేమో కొత్త జిల్లాలో. ఒకరు పాత జిల్లా పేరు తీసేస్తారు, ఇంకొకరు కొత్తది తీసేసి పాతది పెడతారు. ఇద్దరూ ప్రేమతోనే చేస్తారు. రెండూ ఉండాలని, ఏది ఎప్పటిదో రాయాలని చెప్పి ఒప్పించేసరికి ఒక్కోసారి వారం పడుతుంది.

అపోహ: గొడవలన్నీ కులం, రాజకీయాల దగ్గరే వస్తాయి.

వాస్తవం: అక్కడా వస్తాయి. కానీ ఇంగ్లీషు వికీపీడియాలో యోగర్ట్ అనే మాటకి స్పెల్లింగులో హెచ్ అక్షరం ఉండాలా వద్దా అని ఏళ్ళ తరబడి వాదించుకుని 2011లో గానీ తేల్చుకోలేదు. పోలండ్‌లోని గ్డాన్‌స్క్ నగరాన్ని ఏ కాలానికి ఏ పేరుతో పిలవాలో 2005లో ఓటింగ్ పెట్టుకోవాల్సి వచ్చింది. మన దగ్గర సినిమా హిట్టా ఫ్లాపా అన్నదానికి అలాంటి శక్తే ఉంది.

అపోహ: తిట్టేవాడిని బ్లాక్ చేస్తే అయిపోతుంది.

వాస్తవం: ఇంకో ఖాతాతో వస్తాడు. ఐపీ అడ్రసుని ఆపుదామంటే మొబైల్ నెట్‌వర్కుల్లో ఒకే అడ్రసుని ఎంతోమంది వాడుతుంటారు, సంబంధం లేనివాళ్ళు ఇరుక్కుంటారు. అసలు నిరోధం శిక్ష కాదు, నష్టం ఆగడానికి పెట్టుకున్న ఏర్పాటు.

అపోహ: బూతులు తిట్టేవాళ్ళే నిర్వాహకుల్ని విసిగిస్తారు.

వాస్తవం: బూతులైతే తీసెయ్యొచ్చు, పని సులువు. ఓపికని తినేసేది గౌరవంగా రాస్తూనే పని జరగనివ్వని మనిషి. ప్రతి వాక్యంలో గారు, అండి ఉంటాయి, ఎక్కడా నియమం దాటరు, కానీ జవాబిచ్చిన ప్రశ్ననే కొంచెం మార్చి మళ్ళీ అడుగుతారు, మూలం చూపిస్తే ఆ మూలానికి మూలం అడుగుతారు, మధ్యలో "తమరంతటి పండితులకి నేను చెప్పేదేముంది" అని ఒక చురక వేస్తారు. మనం ఒక్క మాట తూలితే చాలు, ఆ ఒక్క వాక్యాన్నే రచ్చబండలో (అందరూ మాట్లాడుకునే పేజీలో) పెట్టి నిర్వాహకుల దౌర్జన్యం అంటారు. తర్వాత మనం చెరిపేసినా అది మార్పుల చరిత్రలో కనిపిస్తూనే ఉంటుంది. ఎదుటివాళ్ళది సదుద్దేశమే అనుకుని మొదలుపెట్టండి అనే మార్గదర్శకం నాకు ఇష్టమే, దాన్ని నేను మనస్ఫూర్తిగా పాటిస్తాను. అయితే అది మొదలుపెట్టడానికే, కళ్ళెదుట సాక్ష్యం కనిపిస్తున్నా పట్టుకు వేలాడమని కాదు. ఉదాహరణకి డబ్బు తీసుకుని ఒకరి గురించి వ్యాసం రాస్తున్నవాళ్ళు ఆ సంగతి బయటికి చెప్పాలని వికీపీడియాని నడిపే వికీమీడియా ఫౌండేషన్ వాడుక నియమాల్లో 2014 నుంచీ ఉంది. కాబట్టి "మీకూ ఈ సంస్థకీ సంబంధం ఉందా?" అని సూటిగా అడగడం అమర్యాద కాదు. నేను అడుగుతాను.

ఇలాంటి చర్చల్లో నేను పాటించేవి మామూలు పద్ధతులే. మనిషి గురించి రాయను, వాక్యం గురించే రాస్తాను. ఒకే ప్రశ్న రెండోసారి వస్తే పాత జవాబుకి లింకు ఇస్తాను, మూడోసారి వస్తే ఇవ్వను. కోపంగా ఉన్నప్పుడు ఎవరు ఏం మార్చారో చూపించే ఇటీవలి మార్పుల పేజీ చూడటం మానేసి మొలకగా, అంటే రెండు మూడు వాక్యాలతో ఆగిపోయి ఉన్న ఏదో వ్యాసం తీసి పెంచుకుంటాను.

అపోహ: ఓపిక ఉన్న నలుగురుంటే చాలు, అంతా సర్దుకుంటుంది.

వాస్తవం: ఆ నలుగురే అలసిపోయి వెళ్ళిపోతున్నారు. బాగా రాసేవాళ్ళు ఒక చర్చలో మాటపడి, ఏమీ అనకుండా రాయడం మానేసిన సందర్భాలు నాకు తెలుసు, అవి తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. చర్చ ఇద్దరి మధ్యే నడిచినంతసేపూ అది పంతం. మూడో మనిషి వచ్చి మూలం చూసి రెండు లైన్లు రాస్తే చాలాసార్లు అక్కడితో ఆగిపోతుంది. మన దగ్గర రోజూ చురుగ్గా రాసేవాళ్ళు తక్కువ కాబట్టి ఆ మూడో మనిషే దొరకట్లేదు. మీకు ఖాతా ఉంటే, మీ ఊరి వ్యాసం చర్చ పేజీలో ఏదైనా తెగని వాదన కనిపిస్తే, దయచేసి చదివి మీ అభిప్రాయం రాయండి. ఎవరి పక్షమైనా ఫరవాలేదు, ఆధారం చూపిస్తే చాలు.