రాకీ గాడు కాపలా కాయట్లేదురా

చిన్నీ, బన్నీ,

వీడియో చూశా. మీ కుక్క రాకీ గాడు కోళ్ల షెడ్డు ముందు పొట్ట నేలకి ఆనించి రెప్ప వెయ్యకుండా చూస్తుంటే మీరేమో తాతయ్యా కాపలా కాస్తున్నాడు అని ఒకటే సంబరం. కాపలా కాదురా అది, వేట మొదలైపోయినట్టే.

కుక్కలకి మూలమైన తోడేలు వేటలో ముందు కన్నేస్తుంది, తర్వాత పొంచి నడుస్తుంది, తరుముతుంది, పట్టుకుంటుంది, చంపుతుంది. ఇంగ్లండ్, స్కాట్లాండ్ సరిహద్దులో గొర్రెల కాపర్లు తరతరాలుగా ఇందులో మొదటివి పెంచి చివరి రెండూ తగ్గించుకుంటూ వస్తే తయారైందే మీ రాకీ జాతి, బోర్డర్ కోలీ. 1893లో అక్కడ పుట్టిన ఓల్డ్ హెంప్ అనే కుక్క అరుపూ గొడవా లేకుండా చూపుతోనే గొర్రెల్ని కదిలించేదట, ఇప్పటి బోర్డర్ కోలీలన్నీ దాదాపు దాని వంశమే. తగ్గించారు అన్నా గానీ తీసేశారు అన్లేదు, గుర్తుంచుకోండి.

పైగా కోళ్లు గొర్రెల్లా గుంపుగా కదలవు. బాతులు నయం, కలిసి నడుస్తాయి, అందుకే కొందరు ట్రైనర్లు కుర్ర కుక్కలకి రన్నర్ అనే జాతి బాతుల మీద పని నేర్పుతారు. కోళ్లయితే రెక్కలు కొట్టుకుంటూ తలో దిక్కూ పారిపోతాయి, దాంతో కుక్కకి ఇంకా హుషారు. తరమడంలోనే దానికి మజా అంతా ఉంది కాబట్టి తర్వాత ఎంత తిట్టినా లాభం లేదు. కరవకపోయినా ప్రమాదమే, భయంతో కోళ్లన్నీ ఒక మూలకి చేరి ఒకదానిమీద ఒకటి పడి ఊపిరాడక కొన్ని చచ్చిపోవచ్చు.

మరేం చెయ్యాలంటే, కోళ్లు మెష్ లోపలే ఉండాలి, రాకీ బయట పొడుగు తాడు మీద ఉండాలి, కోడిని చూస్తూ కూడా మీరు పిలిస్తే తల తిప్పగలిగేంత దూరంలో. తిప్పాడా, వెంటనే ట్రీట్. తిప్పలేదా, అరవకండి, మరీ దగ్గరికెళ్లారని అర్థం, వెనక్కి రండి. రోజూ కాసేపు చాలు, కానీ వారాల తరబడి చెయ్యాలి, ఏడాది వయసులో మళ్లీ మొదటికి రావచ్చు, కంగారు పడకండి. చచ్చిన కోడిని మెళ్లో కడితే బుద్ధొస్తుందని ఎవరైనా చెప్తే అస్సలు వినొద్దు, కంపు తప్ప ఏం రాదు.

మన ఊరి కుక్కలు కోళ్లని పట్టించుకోవు కదా అంటారు. అవి కళ్లు తెరిచిన దగ్గర్నుంచీ కోళ్ల మధ్యే పెరిగాయి, అయినా రుచి మరిగినవి వాటిలోనూ ఉంటాయి.

నిజంగా కాపలా కాసే జాతి చూడాలంటే ఆస్ట్రేలియాలో మీ విక్టోరియాలోనే వార్నాంబూల్ దగ్గర మిడిల్ ఐలాండ్ ఉంది, అక్కడ 2006 నుంచి మరెమ్మా అనే కాపలా జాతి కుక్కల్ని పెట్టి నక్కల బారి నుంచి చిట్టి పెంగ్విన్‌లని కాపాడారు, ఆ ఐడియా ఇచ్చింది కూడా ఓ కోళ్ల రైతే. ఆ కుక్కల్లో వేట గుణం చాలా తక్కువ. మీవాడు ఆ రకం కాదు కాబట్టి పెద్దయ్యాక ఎంత బుద్ధిగా కనపడినా కోళ్లతో ఒంటరిగా వదలొద్దు. ముందు ఆ మెష్ కింద తవ్విన గుంత మీ నాన్నతో పూడ్పించండి, వీడియోలో కనపడింది.

మీ తాతయ్య