పాల ప్యాకెట్ మూల

పొద్దున్నే పాల ప్యాకెట్ మూల కత్తిరిస్తాం. గోరంత ముక్క ఊడి సింకులో పడి, అక్కణ్ణుంచి కాలువలోకి పోతుంది. అంత చిన్నదాన్ని ఏరేవాళ్ళు ఎవరూ ఉండరు. మూల పూర్తిగా తెగిపోకుండా గాటు పెడితే అది ప్యాకెట్‌నే అంటిపెట్టుకుని ఉంటుంది.

మా అమ్మ ఖాళీ ప్యాకెట్లను కడిగి, దండెం మీద ఆరేసి, పాత సామాన్లవాడికి తూకానికి వేసేది. పొదుపు కోసం అనుకునేవాణ్ణి. కానీ రీసైక్లింగ్‌కి మొదట కావలసింది ఆ కడగడం, ఆరేయడమే. పాల ప్యాకెట్ పాలిథిన్. సుమారు 110 డిగ్రీల వేడికి కరుగుతుంది, చల్లారితే మళ్ళీ గట్టిపడుతుంది. కాబట్టి కరిగించి గుళికలు చేసి వేరే వస్తువులు పోయవచ్చు. పాల జిడ్డు మిగిలితే మాత్రం అది కుళ్ళి కంపు కొడుతుంది, తయారైన సరుకూ నాసిగా ఉంటుంది.

చిప్స్ ప్యాకెట్‌ని మాత్రం పాత సామాన్లవాడు ముట్టుకోడు. లోపల వెండిలా మెరిసేది అల్యూమినియం పూత. ప్లాస్టిక్ పొరలకు అతుక్కుపోయిన ఆ పూతను విడదీయాలంటే, వచ్చే సరుకు విలువకన్నా ఖర్చే ఎక్కువ.

పిల్లలతో ఇంట్లోనే ఒక పరీక్ష చేయించవచ్చు. మంచినీళ్ళ సీసా ముక్కనీ, దాని మూతనీ బకెట్ నీళ్ళలో ముంచి వదలండి. ముక్క అడుగుకు పోతుంది, మూత పైకి తేలుతుంది. సీసా పెట్ అనే ప్లాస్టిక్, నీటికన్నా దాదాపు 1.38 రెట్లు బరువు. మూత పాలిథిన్ లేదా పాలీప్రొపిలీన్, నీటికన్నా తేలిక. కర్మాగారాల్లోనూ ఈ రెంటినీ ఇలాగే నీళ్ళలో వేరు చేస్తారు. కలిపి కరిగిస్తే నూనె, నీళ్ళలా కలవవు. ఆ సరుకు పెళుసుగా విరిగిపోతుంది.

వేరు చేసినా, కరిగించిన ప్రతిసారీ ప్లాస్టిక్‌లోని పొడవాటి అణుగొలుసులు కొంత తెగుతాయి. అందుకే చాలా సీసాలు మళ్ళీ సీసాలు కావు, పాలియెస్టర్ దారమో దిండులో దూదో అవుతాయి. ఆ తర్వాత వాటి దారి ఎక్కువగా చెత్తకుప్పకే. కాబట్టి అసలు ఇంటికి తెచ్చుకోకపోవడమే అన్నిటికన్నా మేలని నా నమ్మకం.

2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు దేశమంతటా నిషేధం. అదే ఏడాది చివరి నుంచి క్యారీబ్యాగ్ మందం 120 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) తగ్గకూడదు. పలచటి కవర్లు కిలో తూగాలంటే వందలకొద్దీ ఏరాలి, అంత ఓపిక ఎవరికుంటుంది? ఇక వేడి సాంబారు పోసిచ్చిన కవరునైతే ఇంట్లో కూడా ఎవరూ కడగరు. ఇడ్లీ పార్సిల్‌కి వెళ్ళేటప్పుడు నేను స్టీలు క్యారియర్ పట్టుకెళ్తున్నాను. సాంబారు అడుగు గిన్నెలో, చట్నీ పై గిన్నెలో.